ఆఖరుదాంక చూసిన పల్లీల అవ్వ

పల్లీల అవ్వ పోయింది. ఆ కబురు నాకు జనగామలో, మ్యాట్నీ వదిలే వేళకు, థియేటర్ గేటు ముందు మైకు పట్టుకుని నిలబడి ఉండగా తెలిసింది. భూపాలపల్లి నుంచి అవ్వ కూతురు ఫోన్ చేసింది. "అవ్వ వోయింది చెల్లె. పొద్దుగాల చాయ తాగింది, జర ఒరుగుతనని మంచంల ఒరిగింది. మల్ల లేవలే. నీకు చెప్పాలనిపించింది" అని పెట్టేసింది.

ఫోన్ సంచిలో వేసుకునేలోపే హాలు తలుపులు తెరుచుకున్నాయి. బైకు తాళం వేలికి తిప్పుకుంటూ వచ్చిన ఒకాయన నన్నూ నా మైకునూ గుర్తుపట్టి, గొంతు సన్నగా చేసి, "మూత తియ్యద్దన్నరు, తియ్యలే!" అని నా చేతిలోని ఫోన్‌కు దండం పెట్టాడు. పక్కనున్నవాళ్లు పకపకా నవ్వారు. ఆ మాట అవ్వది. దాన్ని విని నవ్వడం ఊరూరికీ నేర్పింది నేను. ఆ రోజు ఇంకెవరినీ సినిమా ఎలా ఉందని అడగలేకపోయాను.

ఆ సాయంత్రమే దహనం అయిపోయింది. నేను వెళ్లలేదు. బస్సు దొరకలేదని అవ్వ కూతురికి చెప్పాను, ఆమెను నేను అక్క అంటాను. వెళ్లాలనుకుంటే దొరికేది.

నా పని గురించి ముందు చెప్పాలి. సినిమా విడుదలైన రోజు హాలు బయట నిలబడి, బయటికొచ్చే జనాన్ని "ఎట్లుందన్నా సినిమా? ఎట్లుందక్కా?" అని అడిగి, వాళ్లు చెప్పింది ఫోన్లో తీసి యూట్యూబ్‌లో పెడతాను. మానుకోట మా ఊరు కాబట్టి మొదటి ఆట అక్కడ. ఆ తర్వాత వీలును బట్టి జనగామ, భూపాలపల్లి. దీన్ని పబ్లిక్ టాక్ అంటారు. మా అమ్మ మాత్రం "గేటు కాడ నిలవడే కొలువు" అంటుంది.

మొదటి శుక్రవారం మానుకోట హాలు దగ్గర నా బతుకు కుక్కలు చింపిన విస్తరే అయింది. ఒకడు మైకులో ఈల వేశాడు. ఇంకొకడు నా ఫోన్ నంబరు చెబితేనే రివ్యూ చెబుతానన్నాడు. వాచ్‌మెన్ వచ్చి, ఆడపిల్లకు ఇక్కడేం పని అని నాకే బుద్ధి చెప్పాడు. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా గోడ పక్కన పల్లీల బండి మీది నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఈడికి రా బిడ్డా. బండి పక్కన నిలవడు. నా బండి కాడ ఎవడు లొల్లి వెట్టడు. పెడితే మల్ల పల్లీలు పుట్టయి వానికి."

అలా ఆ బండి పక్కన మూడేళ్లు నిలబడ్డాను. నా వీడియోలన్నిటిలో ఒక మూల పొగ కనిపిస్తుంది. అది అవ్వ ఇసుకలో పల్లీలు వేయించే బాణలి పొగ. కామెంట్లలో కొందరు అదేం పొగ అని అడిగేవాళ్లు. నేనెప్పుడూ జవాబు రాయలేదు.

జనాన్ని చదవడం నాకు నేర్పింది అవ్వే. మైకు ముందు అందరూ "సూపర్, బంపర్" అంటున్నారని నేను సంబరపడుతుంటే ఒకరోజు నవ్వింది. "నోటిని అడుగుతే ఏమొస్తది? కాళ్లను చూడు. సినిమా బాగుంటే కాళ్లు మెల్లగ వస్తయి. బాగలేకుంటే సీద బండ్ల స్టాండుకు వోతయి." ఆనాటి నుంచి చూస్తే నిజంగానే అంతే. "సూపరన్నా" అని అరిచినవాడి కాళ్లు అప్పటికే స్టాండులో ఉండేవి. సినిమా ఎన్నాళ్లాడుతుందో అవ్వ మొదటి ఆటకే చెప్పేసేది. ఆమె మాట నా మాటగా వీడియో చివర చెప్పి, పెద్ద తెలివిగలదాన్నని పేరు తెచ్చుకున్నాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా. మొదటి దొంగతనం అదే అనుకుంటాను.

సినిమా వచ్చిన రెండో రోజు మ్యాట్నీకి అవ్వ బండి మీద గోనెపట్టా కప్పి తనూ లోపలికి పోయేది. తలుపు పక్కన చివరి కుర్చీ ఆమెది. ఏ సినిమానూ బాగలేదని ఆమె నోట నేను వినలేదు. మరీ ఘోరంగా ఉంటే "పాపం, మస్తు కష్టపడ్డరు" అనేది. నచ్చితే "బండి సంగతే మర్శిన" అనేది. ఏడుపు సినిమా వదిలితే పొట్లాలలో ఉప్పు తగ్గించేది. ఎందుకవ్వా అంటే, "ఇంతసేపు కండ్లనీళ్లు మింగిండ్రు గదా, ఇంకేం ఉప్పు?" అంది. ఎగతాళికి అందనుకున్నాను కానీ నిజంగానే తగ్గించేది.

ఉప్పూ కారం కలిపి ఒక స్టీలు డబ్బాలో పెట్టుకునేది. గుండ్రటి డబ్బా, మూతకు ఒక పక్క సొట్ట. ఒక్కో పొట్లానికి మూత తీసి, చిటికెడు చల్లి, వెంటనే పెట్టేసేది. ఎంత గిరాకీ ఉన్నా అంతే. ఒకసారి విసుగొచ్చి, "తెరిచే ఉంచరాదు అవ్వా, మాటిమాటికి ఎందుకు?" అన్నాను. "అలవాటు బిడ్డా" అంది. మూత పెట్టాక దాని మీద అరచెయ్యి ఒక క్షణం ఆనించి ఉంచేది. అది కూడా అలవాటే అనుకున్నాను.

కురవి జాతరకు బండి అక్కడికి తోలుకుపోయేది. ఒక ఏడు నేనూ జాతర వీడియో తీద్దామని వెళ్లి, ఎండకు కళ్లు తిరిగి ఆమె బండి పక్కనే కూలబడ్డాను. బేరం వదిలేసి నా తల మీద తన కొంగు కప్పి, గ్లాసుడు మజ్జిగ తాగించి, "ముందు మనిషివి బతుకు, తర్వాత ఫోటువలు తియ్యొచ్చు" అని తిట్టింది. గిరాకీ పక్క బండికి పోతున్నా లేవలేదు. అలాంటి మనిషికి నేను చేసింది ఇప్పుడు చెప్పాలి.

దొంగల మీద తీసిన హాస్యం సినిమా ఒకటి వచ్చింది. ముగ్గురు మోసగాళ్లు ఊళ్ల మీద పడి, ఒక్కో ఊళ్లో ఒక్కో వేషం వేసి జనాన్ని ముంచి, చివరికి అందరికంటే పెద్ద దొంగను ముంచుతారు. కథ తిక్కతిక్కగా ఉంటుంది, నవ్వు మాత్రం ఆగదు. మానుకోటలో మొదటి ఆటకే కాళ్లు మెల్లగా వచ్చాయి. "దిమాక్ ఉంటే దొంగతనం గూడ ముద్దొస్తదక్కా" అన్నాడు ఒక బట్టల దుకాణం ఆయన. మరిపెడ నుంచి వచ్చిన ఇద్దరు అక్కచెల్లెళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతూ, "మాకైతే గా ముగ్గురు ఇంటికొస్తే చాయ పోస్తం" అన్నారు. "సెకండాఫ్ జర గుంజిండు, గని పర్వాలే" అన్నవాళ్లూ ఉన్నారు. మోసపోయినవాళ్ల గురించి ఒక్కరూ మాట్లాడలేదు. నేనూ అడగలేదు, నాకూ గుర్తు రాలేదు.

అందరూ పడిపడి నవ్విన ఘట్టం ఒకటుంది. ఆ ముగ్గురూ నగలకు మెరుగు పెడతామని ఒక పల్లెలోకి వస్తారు. ఒక ముసలమ్మ పుస్తెలతాడు తీసి ఇస్తుంది. పసుపు పోసిన డబ్బాలో దాన్ని పెట్టినట్టే పెట్టి, మూత వేసి, గంటసేపు తియ్యొద్దని చెప్పి జారుకుంటారు. ముసలమ్మ ఆ డబ్బా ముందు కూర్చుని కునికిపాట్లు పడుతుంటుంది, వెనక హుషారుగా పాట. మూత తీస్తే ఉత్త పసుపు. ఆమె ముక్కుకు పసుపంటుకుని తుమ్ముతుంది. హాలంతా ఈలలు.

రెండో రోజు మ్యాట్నీ చూసి అవ్వ కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. నవ్వీ నవ్వీ వచ్చిన నీళ్లు. నేను ఫోన్ ఆన్ చేసి, "ఎట్లుందవ్వా?" అన్నాను. అంతకుముందు ఎన్నిసార్లు అడిగినా కెమెరా ముందు నోరు విప్పని మనిషి, ఆ రోజు బండి దగ్గర నిలబడి డబ్బా చేతిలో పట్టుకుని తనంతట తానే మొదలుపెట్టింది.

"నవ్వినం బిడ్డా, కడుపులు నొయ్యంగ నవ్వినం. గా ముసల్ది పుస్తెలతాడు తీసిచ్చుడు చూసి నాకు నవ్వాగలే. నేను గూడ గట్లనే ఇచ్చిన గదా! గిదే డబ్బ. గిట్లనే పసుపు పోసిండ్రు. మూత తియ్యద్దన్నరు, తియ్యలే!"

అని మళ్లీ నవ్వింది. నేనూ పగలబడి నవ్వాను. నా నవ్వు ఆ వీడియోలో వినిపిస్తుంది. అప్పుడు ఆమె నవ్వు మెల్లగా తగ్గింది.

"గంటసేపన్నరు. గంటైంది. నాకు గడియారం చూసుడు రాదాయె. ముందుగాల తీస్తే మెరుగు వోతదేమోనని ఇంకింత సేపు ఆగిన. మా ఆయన మిర్చి యార్డుల హమాలీ పనికి వోయి మాపటికి వచ్చిండు. అప్పటిదాంక మూత మీద చెయ్యి వెట్టుకొని గట్లనే కూసున్న. ఆయనే తీసిండు. తిట్టలే, కొట్టలే. ఆ పూట బువ్వ తినలే, గంతే. ఆయన పొయ్యేదాంక పసుపుకొమ్ముతోనే ఉన్న. నలుగురిలకు వోతే కొంగు కప్పుకునేదాన్ని. సినిమాల తుమ్మించి ఇడిసిపెట్టిండు. గా ముసల్ది ఇంట్ల ఏం చెప్పుకున్నదో, మల్ల ఒక్కసారి గూడ చూపియ్యలే. దొంగలు పట్నం మాట మాట్లాడవట్టిరి, మోసపోయేదానికి మాత్రం మన మాట వెట్టిండు. గదొక్కటి నాకు మంచిగనిపియ్యలే. సినిమా మంచిగనే ఉన్నది. గా ముసల్దాన్ని గూడ జర చూపియ్యమను బిడ్డా."

తర్వాత, "గిదంత పెడ్తవా?" అంది.

"పెడ్త అవ్వా" అన్నాను.

మాట ఇచ్చినప్పుడు మోసం చేయాలనుకోలేదు. ఇంటికెళ్లి ముందు పెట్టుకుని చూస్తే, నవ్వు ఉన్న ముక్క మెరుపులా ఉంది. ఆ తర్వాతది పొడుగ్గా, బరువుగా అనిపించింది. జనం అంతసేపు ఆగరని నాకు తెలుసు, నా కొలువే అది. "తియ్యలే!" దగ్గర కోశాను. కోసినచోట గాడిద ఓండ్రపెట్టిన శబ్దం వేశాను. పక్కనే సినిమా ముసలమ్మ తుమ్ముతున్నట్టు బొమ్మ ఒకటి గీయించి అతికించాను. చివర నా ముఖం పెట్టి, మన ఛానెల్ మర్చిపోకండి అని చెప్పుకున్నాను. నవ్వుకుంటూనే చేశాను ఇదంతా. ఆ సినిమా వాళ్లు ఆమెను తెరమీద ఒకసారి ముంచితే, నేను ఆమె బండి పక్కనే నిలబడి ముంచాను.

ఆ ముక్క నేను అనుకున్నదానికంటే ఎక్కువ తిరిగింది. పెళ్లి ఊరేగింపుల్లో కూడా ఆ మాట పెట్టుకుని ఎగిరారు. మానుకోటలో కాలేజీ పిల్లలు బండి దగ్గరికి వచ్చి, పొట్లం కొనుక్కుని, అవ్వ డబ్బా మూత తియ్యబోతుంటే "తియ్యద్దు తియ్యద్దు!" అని అరిచేవాళ్లు. మొదట్లో ఆమె కూడా నవ్వింది. ఒకరోజు ఒక పెద్దాయన, "పుస్తెలు పోగొట్టుకుని పండ్లు ఇకిలించుడేందే సిగ్గులేకుండ" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

ఆయన పోయాక అవ్వ చాలాసేపు బాణలిలో ఇసుక కలుపుతూ ఉంది. తర్వాత నా వైపు చూడకుండానే అడిగింది.

"బిడ్డా, నేను చెప్పిందంత పెట్టినవా? మా ఆయన ముచ్చట, గా ముసల్దాన్ని చూపియ్యమన్న ముచ్చట?"

"పెట్టిన అవ్వా. ఆఖర్ల ఉన్నది. వీళ్లంత ఆఖరుదాంక చూస్తలేరు, గందుకే గట్లంటున్నరు."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం. ఆమె ముఖం తేటపడింది. "గట్లనా" అంది. "మరి ఆఖరుదాంక చూడకుంట మాటలంటరేంది? ఓపిక లేదు జనానికి." నాకు ఒక పొట్లం కట్టి ఇచ్చింది. నేను తిన్నాను కూడా.

ఆ తర్వాత కొన్నాళ్లకే అవ్వ బండి గోడకు ఆనించి భూపాలపల్లిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. మోకాళ్లు గుంజుతున్నాయని చెప్పింది. అల్లుడు బొగ్గు గనిలో పనిచేస్తాడు, కూతురు ఎప్పటినుంచో రమ్మంటోంది. అందుకే పోయిందని నాకు నేను చెప్పుకున్నాను. సినిమాల పని మీద నేను భూపాలపల్లి ఎన్నోసార్లు వెళ్లాను. హాలు దగ్గర నుంచి అక్క వాళ్ల క్వార్టరుకు నడిచి పోవచ్చు. ఒక్కసారీ పోలేదు. వెళితే మళ్లీ అడుగుతుందేమోనని భయం. ఒకసారి అక్క మార్కెట్లో ఎదురుపడి, "అవ్వ నిన్ను యాది చేస్తది, జర వచ్చి పో" అంటే, "ఇయ్యాల పరేషాన్ల ఉన్న అక్కా, మల్ల వస్త" అన్నాను.

పదో రోజుకు వెళ్లాను. భోజనాలు అయ్యాక అక్క నన్ను లోపలి గదిలోకి పిలిచి కూర్చోబెట్టింది. తిడుతుందనుకున్నాను. తిట్టించుకోవడానికి సిద్ధపడే వచ్చాను. అక్క తిట్టలేదు.

"నీ వీడియో అంటే మస్తు పాణం చెల్లె అవ్వకు" అంది. "రోజు పగటి బువ్వ తినంగనే నా ఫోను తీసుకొని, గది పెట్టుమనేది. ఆఖర్ల నీ ముఖం వచ్చి మాట్లాడుతవు చూడు, గప్పటిదాంక చూసేది. అయిపోయిందవ్వా అంటే, 'కాలే, ఇంక ఉన్నది. ఆఖర్ల ఉన్నదని బిడ్డ చెప్పింది' అనేది. దాని తర్వాత వేరేటివి వస్తయి గద, గవి గూడ చూసుకుంట కూసునేది. ఎంత చూసినా రాకపాయె. 'మనకే చూసుడు రాదే, ముందుగాల్నే బంద్ చేస్తున్నమేమో' అని మల్ల మొదటిసంది పెట్టించేది. పొయ్యే ముందు రోజు గూడ చూసింది. ఏమున్నదే దాంట్ల ఆఖర్ల?"

అక్కడే, అక్క ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. ఏడుస్తూనే జరిగింది చెప్పేశాను, కోసింది, అబద్ధం ఆడింది, అంతా. అక్క చెయ్యి నా వీపు మీద ఉండింది. నేను చెప్పడం అయ్యేసరికి తీసేసింది.

"నాకెందుకు చెప్తున్నవ్ చెల్లె, ఆమెకు చెప్పవల్సింది" అంది. కోపంగా కూడా అనలేదు. లేచి విస్తర్లు తీయడానికి వెళ్లిపోయింది.

అలమరలో దేవుడి పటాల పక్కన ఆ స్టీలు డబ్బా ఉంది. మూత పెట్టే ఉంది. నేను ముట్టుకోలేదు.

ఇంటికొచ్చి పాత ముక్క తీసేసి, ఆ రోజు తీసింది మొత్తం పెట్టాను. కోత లేదు, గాడిద లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇది, నాకు తెలుసు. దీనితో నా తప్పు కడుక్కున్నానని మీకు చెప్పడం లేదు. పాత ముక్క ఇప్పటికీ జనం ఫోన్లలో తిరుగుతూనే ఉంది. కొత్తదాన్ని ఎవరెంతసేపు చూస్తున్నారో నాకు తెలుస్తుంది. చాలామంది నవ్వు అయిపోగానే వెళ్లిపోతున్నారు. వాళ్లను అనడానికి నాకు నోరెక్కడిది, ఆ అలవాటు చేసినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

నేను మాత్రం ఆఖరుదాంక చూశాను. తీసిన తర్వాత ఇన్నాళ్లకు మొదటిసారి. మాటలన్నీ అయిపోయాక ఇంకొంత ఉంది, నాకసలు గుర్తులేదు. గేటు దగ్గర కొత్త ఆట జనం చేరుతుంటే వాళ్లను పట్టుకోవాలని నాకు తొందర. "కదలకు అవ్వా, జర ఆగు, ఇంకొంచెం తీసుకుంట" అని నా గొంతు వినిపిస్తుంది. ఫోన్‌ను బండి అంచుకు ఆనించి నేను పక్కకు పోయాను. ఆపడం మరచిపోయాను.

ఆమె కదల్లేదు. ఎవరో పల్లీలు అడిగితే కళ్లతోనే ఆగమంది. పొగ కమ్ముకుంటున్నా దగ్గలేదు. సొట్ట డబ్బా మూత మీద అరచెయ్యి పెట్టుకుని, ఫోన్ వైపే చూస్తూ, నేనెప్పుడు అయిందంటానా అని నిలబడే ఉంది.